తూకం చీటీలు ఆగకుండా డేటాబేస్ నోడ్లను మార్చే పద్ధతి

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి ముమ్మరంగా వచ్చే రోజుల్లో తూకం దగ్గర చీటీ రావడం పది నిమిషాలు ఆలస్యమైతే వెనుక బండ్లు బారులు తీరతాయి. కర్నూలులో కూర్చుని సర్వర్లు చూసుకునే మాకు ఆ బారు కనిపించదు, ఫోన్లు మాత్రం మోగుతూనే ఉంటాయి. కొందరు వ్యాపారుల లెక్కలుండే మా డేటాబేస్ మూడు యంత్రాల మీద నడుస్తుంది. ప్రతి యంత్రంలోనూ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్, దాన్ని కనిపెట్టుకుని ఉండే పట్రోని, ఏది ప్రైమరీ (కొత్త డేటా రాసుకునేది, దాని నకళ్లుగా నడిచే మిగతావి రెప్లికాలు) అన్న సంగతిని భద్రపరిచే ఈటీసీడీ ఉన్నాయి. ఇలా కలిసి పనిచేసే యంత్రాల (నోడ్ల) గుంపులో, అంటే క్లస్టర్‌లో, సెట్టింగులు మార్చవలసి వచ్చినా, యంత్రాన్నే మార్చవలసి వచ్చినా పని ఏ వరుసలో సాగాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఓట్లు లెక్కపెట్టుకోవాలి. ఒక్కో యంత్రంలోని ఈటీసీడీ ఒక్కో సభ్యుడు. ఏ నిర్ణయానికైనా సగం కంటే ఎక్కువ సభ్యుల సమ్మతి కావాలి కనుక ముగ్గురు సభ్యులుంటే ఇద్దరు, ఐదుగురుంటే ముగ్గురు ఎప్పుడూ పనిలో ఉండాలి. నలుగురిని పెట్టుకున్నా ముగ్గురి సమ్మతి కావలసిందే కాబట్టి, నాలుగో సభ్యుడి వల్ల అదనపు రక్షణ ఏమీ రాదు. మూడు నోడ్లలో ఒకదాన్ని మనమే ఆపిన క్షణం నుంచి అది తిరిగి చేరేదాకా ఇంకొక్క నోడ్ పోవడానికి కూడా వీలుండదని గుర్తుంచుకుని, ఆ వ్యవధిని వీలైనంత తగ్గించాలి.

ఈ లెక్క తెలిసి కూడా నేను ఒకసారి తప్పు చేశాను. మొదటి యంత్రాన్ని రీబూట్ చేసి, పోస్ట్‌గ్రెస్ లేచిందని చూసుకుని, వెంటనే రెండోదాన్ని రీబూట్ చేశాను. మొదటి యంత్రంలో ఈటీసీడీ దానంతట అది మొదలయ్యే ఏర్పాటు లేదన్న సంగతి గమనించలేదు. మూడింటిలో రెండు ఈటీసీడీలు లేకపోవడంతో ప్రైమరీ గడువుతో కూడిన తన పదవిని పొడిగించుకోలేక, పట్రోని నియమం ప్రకారం తనంతట తానే రీడ్ ఓన్లీ (చదవడానికి మాత్రమే వీలయ్యే) స్థితికి దిగిపోయింది. పాత చీటీలు తెర మీద కనిపిస్తున్నాయి, కొత్త చీటీ ఒక్కటీ నమోదు కాలేదు. అప్పటినుంచి ప్రతి రీబూట్ తరువాత మూడు ఈటీసీడీల ఆరోగ్యం, పట్రోని చూపే సభ్యుల జాబితా, రెప్లికా ఎంత వెనకబడి ఉందన్న లెక్క, ఈ మూడూ సరిపోయాకే రెండో యంత్రం జోలికి వెళుతున్నాను.

పని మొదలుపెట్టే ముందు బ్యాకప్ సరిగా ఉందని చూసుకోవాలి. ఆపబోయే రెప్లికా తిరిగి వచ్చేదాకా దానికి కావలసిన వాల్ ఫైళ్లు (డేటాలో జరిగిన మార్పుల చిట్టా) ప్రైమరీలో నిలిచి ఉండేలా రెప్లికేషన్ స్లాట్ (రెప్లికా అందుకునేదాకా ఫైళ్లను ఆపి ఉంచే ఏర్పాటు) గానీ, తగినంత వాల్ కీప్ సైజ్ (ఎంత చిట్టా ఉంచాలో చెప్పే సెట్టింగు) గానీ ఉండాలి. లేకపోతే కాసేపు ఆపిన నోడ్‌కు డేటా అంతా మొదటినుంచి కాపీ చేయవలసి రావచ్చు. స్లాట్ వాడితే ఫైళ్లు పేరుకుపోయి ప్రైమరీ డిస్క్ నిండకుండా కూడా కనిపెట్టుకోవాలి. ఆ తరువాత రెప్లికాను, కనెక్షన్లను యంత్రాలకు పంచే హెచ్‌ఏప్రాక్సీ నుంచి తప్పించి, దాని మీద నడుస్తున్న రిపోర్టులు ముగిసేదాకా ఆగి, సెట్టింగు మార్చి రీస్టార్ట్ చేయాలి. మామూలుగా రెప్లికాలు ముందు, ప్రైమరీ చివర.

ఈ వరుస తిరగబడే సందర్భం ఒకటుంది. మ్యాక్స్ కనెక్షన్స్ (ఒకేసారి అనుమతించే కనెక్షన్ల పరిమితి) వంటి కొన్ని విలువలు రెప్లికాలో ప్రైమరీ కంటే తక్కువ ఉండకూడదు. పెంచేటప్పుడు రెప్లికాలనే ముందు మార్చాలి, తగ్గించేటప్పుడు మాత్రం ప్రైమరీని ముందు మార్చాలి. ఈ వరుస తప్పితే పోస్ట్‌గ్రెస్ 14 నుంచి రెప్లికా రికవరీ (ప్రైమరీలోని మార్పులను తనలోకి ఎక్కించుకునే పని) ఆగిపోతుంది, అంతకు ముందు వెర్షన్లలోనైతే రెప్లికానే ఆగిపోతుంది.

ప్రైమరీ వంతు వచ్చినప్పుడు దాన్ని నేరుగా ఆపకూడదు. పట్రోనిలో స్విచోవర్ (పదవి మార్పిడి) ఆదేశంతో, ప్రైమరీని పూర్తిగా అందుకున్న రెప్లికాకు పదవి అప్పగించాలి. హఠాత్తుగా పడిపోయిన ప్రైమరీ స్థానంలో కొత్తది రావాలంటే ఆ పదవికి పట్రోనిలో ఉన్న డిఫాల్ట్ గడువు 30 సెకన్లు దాటాలి, స్విచోవర్‌లో ఆ నిరీక్షణ ఉండదు. అయినా ఉన్న కనెక్షన్లు తెగుతాయి కాబట్టి, మళ్లీ ప్రయత్నించే గుణం అప్లికేషన్‌కు ఉండాలి. తెగిన క్షణంలో పంపిన చీటీ నమోదయిందో లేదో అప్లికేషన్‌కు తెలియదు. అందుకే తూకం యంత్రం దగ్గరే చీటీ సంఖ్య పుట్టించి, ఆ సంఖ్యకు యూనిక్ నిబంధన (ఒకే సంఖ్య రెండుసార్లు నమోదు కానివ్వనిది) పెట్టాము. రెండోసారి పంపినా ఒక రైతు పత్తి రెండుసార్లు లెక్కకెక్కదు.

చెడిపోయిన యంత్రం స్థానంలో కొత్తది పెట్టేటప్పుడు చాలామంది కొత్తదాన్ని ముందు చేర్చి, పాతదాన్ని తరువాత తీసేయాలనుకుంటారు. ముగ్గురిలో ఒకరు పోయి ఉండగా నాలుగో సభ్యుణ్ణి చేరిస్తే కావలసిన సమ్మతి మూడుకు పెరుగుతుంది, నిజంగా పనిచేస్తున్నవి రెండే. కొత్త యంత్రం చిరునామాలో ఒక్క అంకె తప్పు పడినా ఈటీసీడీ కోరం (నిర్ణయానికి కావలసిన సభ్యుల సంఖ్య) పోతుంది, ఆ తప్పు సభ్యుణ్ణి తీసేయడానికి కూడా కోరం కావాలి. కాబట్టి చనిపోయిన సభ్యుణ్ణి ముందు తీసివేసి, మిగిలిన ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారని చూసుకుని, ఆ తరువాతే కొత్త సభ్యుణ్ణి చేర్చాలి. ఒకేసారి ఇద్దరిని మార్చవలసి వచ్చినా విడివిడిగా, మొదటిది పూర్తిగా కలిశాకే రెండోది మొదలుపెట్టాలి.