హీలియం స్కాటరింగ్‌లో నకిలీ ఫోనాన్ పీక్‌ను పట్టుకోవడం (నా అనుభవం)

హీలియం పరమాణువుల బీమ్‌ను క్రిస్టల్ ఉపరితలం మీదకు పంపి, చెదిరినవి డిటెక్టర్ చేరే సమయాన్ని బట్టి ఉపరితల కంపనాలను (ఫోనాన్లను) కొలుస్తాం. కానీ లిథియం ఫ్లోరైడ్ క్రిస్టల్ (001) ముఖం నుంచి వచ్చిన స్పెక్ట్రమ్‌లో కనిపించిన ప్రతి పీక్‌నూ ఫోనాన్ అనుకోకూడదు. డిఫ్రాక్షన్ కోణానికి (క్రిస్టల్ పరమాణు వరుసల వల్ల బీమ్ బలంగా చెదిరే కోణానికి) దగ్గర్లో, బీమ్ సగటు వేగానికి భిన్నంగా ఉన్న కొద్దిపాటి పరమాణువులు శక్తి మారకుండానే బ్రాగ్ షరతుకు (ఆ డిఫ్రాక్షన్ జరగడానికి వేగం, కోణం కుదరాల్సిన నియమానికి) సరిపోతాయి. అవి ముందో వెనకో డిటెక్టర్ చేరి నకిలీ పీక్ ఇస్తాయి.

నాకు పనిచేసిన పరిష్కారం నాజిల్ (హీలియం బీమ్ బయటికొచ్చే సన్నని రంధ్రం) ఉష్ణోగ్రత మార్చి మళ్లీ కొలవడం. 300 కెల్విన్‌లో బీమ్ శక్తి సుమారు 65 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, 80 కెల్విన్‌లో సుమారు 17. అసలు రేలీ తరంగం (ఉపరితలం వెంట సాగే ఫోనాన్) పీక్ ఏ శక్తితో కొలిచినా అదే డిస్పర్షన్ రేఖ (ఫోనాన్ శక్తికీ ద్రవ్యవేగానికీ ఉన్న సంబంధం చూపే గీత) మీద పడుతుంది, నకిలీది పక్కకు జరిగిపోతుంది. నాజిల్‌ను చల్లబరిచేటప్పుడు పీడనం తగ్గించడం తప్పనిసరి. లేదంటే వాయుప్రవాహం పెరిగి పంపు తట్టుకోలేదు, హీలియం క్లస్టర్లూ (పరమాణువుల గుంపులు) ఏర్పడతాయి.

స్పెక్యులర్ పీక్ (అద్దంలోలా పడిన కోణంలోనే తిరిగొచ్చే బీమ్ ఇచ్చేది) కూడా క్రమంగా తగ్గుతుంటే ముందు ఉపరితలం మురికిని అనుమానించాలి. క్రిస్టల్‌ను వేడిచేసి చల్లార్చి మళ్లీ చూడాలి.