రక్షణల వల్ల పేజీ మొరాయించినప్పుడు: బ్రౌజరు సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

నిన్నటి వరకు సవ్యంగా నడిచిన వెబ్‌సైటు ఈరోజు లాగిన్‌ను నిలుపుకోకపోయినా, డబ్బు చెల్లించాక మళ్లీ మొదటికే తెచ్చినా, తెలుగు అక్షరాలను వేరే రూపంలో చూపినా, చాలామంది ముందుగా బ్రౌజరులోని రక్షణలన్నిటినీ ఒక్కసారిగా తీసివేస్తారు. అలా చేయవద్దని మొదటే మనవి చేస్తున్నాను. ఈ ఇబ్బందుల్లో చాలా భాగం వెబ్ ప్రమాణాలు బిగుసుకోవడం వల్ల, ఆ బిగింపుకు తగినట్లు సైటు మారకపోవడం వల్ల వచ్చినవి. కారణం తెలిస్తే ఆ ఒక్క సైటుకు ఒక్క సడలింపు ఇచ్చి పని జరుపుకోవచ్చు, మిగిలిన కాపలా చెక్కుచెదరదు.

ముందుగా చేయవలసిన పరీక్ష

ఏ సెట్టింగునూ మార్చకముందే అదే పేజీని ఇన్‌కాగ్నిటో లేదా ప్రైవేట్ విండోలో తెరిచి చూడాలి. ఆ విండోలో పాత కుక్కీలు (మనల్ని గుర్తుంచుకోవడానికి సైటు బ్రౌజరులో దాచే చిన్న సమాచారపు ముక్కలు) ఉండవు, మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజరుకు మనం చేర్చుకున్న అదనపు సాధనాలు) కూడా పనిచేయవు. అక్కడ పేజీ బాగానే నడిస్తే దోషం పాత కుక్కీలోనో ఎక్స్‌టెన్షన్‌లోనో ఉంటుంది; ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటిగా ఆపి చూసి, అప్పటికీ దొరకకపోతే ఆ సైటు కుక్కీలను మాత్రమే తొలగించాలి. మామూలు విండోలో నడిచి ఇన్‌కాగ్నిటోలో ఆగిపోతే థర్డ్ పార్టీ కుక్కీలను, అంటే మనం తెరిచిన సైటువి కాక వేరే సైటువైన కుక్కీలను, అనుమానించాలి, ఎందుకంటే క్రోమ్ ఆ విండోలో వాటిని ముందే అడ్డుకుంటుంది. రెండు చోట్లా విఫలమైతే వేరే బ్రౌజరులో చూడాలి, కానీ క్రోమ్‌కు ఎడ్జ్ సాక్ష్యం కాదు. రెండింటి లోపలా క్రోమియం అనే ఒకే ఇంజను ఉంది. ఫైర్‌ఫాక్స్‌లోనో సఫారీలోనో చూస్తేనే తేడా బయటపడుతుంది. ఐఫోన్‌లో అయితే మన దేశంలో ఏ పేరుతో ఉన్న బ్రౌజరైనా సఫారీ ఇంజనునే వాడుతుంది కనుక ఈ పరీక్షను కంప్యూటరులో చేయడం మంచిది.

లక్షణం: లాగిన్ అయ్యాక కూడా పేజీ మధ్యలోని పెట్టె మళ్లీ లాగిన్ అడుగుతోంది

పాఠాల సైటులో పొదిగిన వీడియో, వార్తల పేజీలో వేరే సంస్థ నడిపే చర్చా పెట్టె, ఆఫీసు పోర్టల్ లోపల తెరుచుకునే మరో పోర్టల్, వీటన్నిటిలో ఒకటే తంతు కనిపిస్తుంది: పాస్‌వర్డు సరైనదే, అయినా పెట్టె మనల్ని గుర్తుపట్టదు.

కారణం: చిరునామా పట్టీలో ఉన్న సైటు ఒకటి, ఆ పెట్టె వచ్చిన సైటు మరొకటి. పెట్టెకు చెందిన కుక్కీ థర్డ్ పార్టీ కుక్కీ అవుతుంది. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మోంటుల్లి కుక్కీని రూపొందించినప్పుడు అది దుకాణపు బుట్టను గుర్తుంచుకోవడం వంటి పనులకు ఉద్దేశించినది. అదే సాధనంతో ఒక మనిషి సైటు నుంచి సైటుకు వెళ్లే దారినంతా ప్రకటనల సంస్థలు గమనించగలిగాయి. ఈ ప్రమాదాన్ని ప్రమాణాలు రాసినవారు చూడలేదనుకోవడం పొరపాటు. 1997 ఫిబ్రవరిలో వెలువడిన మొదటి కుక్కీ ప్రమాణం ఆర్ఎఫ్‌సీ 2109, మనం కోరకుండానే వేరే సైటు నుంచి వచ్చే ఇలాంటి కుక్కీలను బ్రౌజరు మొదటి నుంచే నిరాకరించాలని స్పష్టంగా చెప్పింది. నాటి ప్రధాన బ్రౌజర్లు ఆ నియమాన్ని అమలు చేయలేదు. సఫారీ 2020 మార్చిలో థర్డ్ పార్టీ కుక్కీలను పూర్తిగా ఆపింది. ఫైర్‌ఫాక్స్ 2022 జూన్ నుంచి ప్రతి సైటుకూ వేరువేరు కుక్కీ జాడీని ఇచ్చే పద్ధతిని అందరికీ వర్తింపజేసింది. క్రోమ్ 2020లో వీటిని రెండేళ్లలో తీసివేస్తామని ప్రకటించి, పలుమార్లు వాయిదా వేసి, 2024 జూలైలో ఆ ఆలోచన విరమించుకుంది. ఒకే సైటు ఒక బ్రౌజరులో నడిచి మరొకదానిలో నడవకపోవడానికి ఈ చరిత్రే మూలం. 1997లో రాసిపెట్టిన జాగ్రత్త పాటించి ఉంటే ఆ ఇరవై ఏళ్ల నిఘా వ్యాపారం ఈ స్థాయికి చేరేది కాదని నా గట్టి అభిప్రాయం.

పరిష్కారం: వీలైతే ఆ పెట్టెలోని విషయాన్ని దాని సొంత సైటులో, వేరే ట్యాబులో తెరవండి, అప్పుడు అదే మొదటి సైటు అవుతుంది కనుక సడలింపే అక్కరలేదు. తప్పనిసరి అయితే ఫైర్‌ఫాక్స్‌లో చిరునామా పక్కనున్న డాలు గుర్తును నొక్కి ఆ సైటుకు మాత్రమే రక్షణను ఆపవచ్చు. క్రోమ్‌లో థర్డ్ పార్టీ కుక్కీలను అడ్డుకున్నప్పుడు చిరునామా పట్టీలో కన్ను గుర్తు కనిపిస్తుంది, దానితో ఆ ఒక్క సైటుకు అనుమతి ఇవ్వవచ్చు. సఫారీలో సైట్ల మధ్య ట్రాకింగును నివారించే మీట అన్ని సైట్లకూ ఒకటే కనుక, దానిని తీసినవారు పని కాగానే మళ్లీ వేయాలి.

లక్షణం: ఓటీపీ ఇచ్చి డబ్బు కట్టాక, దుకాణం సైటు మళ్లీ లాగిన్ పేజీ చూపుతోంది

ఈ లక్షణం అన్నిటికంటే ఎక్కువగా కంగారు పెడుతుంది, ఎందుకంటే ఖాతాలో డబ్బు తగ్గినట్లు సందేశం వస్తుంది గాని ఆర్డరు కనిపించదు. మా బంధువుల్లో ఒకరు ఇలాగే ఒకే ఫీజును రెండుసార్లు కట్టారు, తిరిగి రావడానికి చాలా రోజులు పట్టింది. అందువల్ల దీనిని కాస్త వివరంగా చెబుతాను.

కారణం: దుకాణం సైటు మనల్ని బ్యాంకు పేజీకి పంపుతుంది, ఓటీపీ ముగిశాక బ్యాంకు వైపు నుంచి ఒక ఫారం రూపంలో, అంటే పోస్ట్ పద్ధతిలో, మనల్ని వెనక్కి పంపుతారు. ఒక సైటు నుంచి ఇంకో సైటుకు ఇలా ఫారం వెళ్లేటప్పుడు కుక్కీని వెంట పంపాలా వద్దా అన్నది కుక్కీకి సైటు జతచేసే సేమ్‌సైట్ అనే సూచన నిర్ణయిస్తుంది. సైటు ఏమీ చెప్పకపోతే మునుపు కుక్కీ వెళ్లేది. 2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80 నుంచి ఆ మౌనాన్ని లాక్స్‌గా భావించడం మొదలైంది, అంటే మామూలు లింకు నొక్కితే కుక్కీ వెళుతుంది, బయటి సైటు పంపిన ఫారంతో వెళ్లదు. మన పేరు మీద ఎవరో దొంగ ఫారం పంపకుండా చేసిన కట్టడి ఇది, చాలా అవసరమైనది. అయితే పాత సైట్లు ఎన్నో దెబ్బతింటాయని తెలిసి, కోవిడ్ కాలంలో అత్యవసర సేవలు ఆగకూడదని ఏప్రిల్‌లో దానిని వెనక్కి తీసుకుని జూలైలో మళ్లీ అమలుచేశారు. ఇంకొక వెసులుబాటు కూడా ఉంచారు: సేమ్‌సైట్ గురించి ఏమీ చెప్పని కుక్కీ పుట్టి రెండు నిమిషాలు దాటకపోతే ఫారంతో కూడా పంపుతారు. ఓటీపీ వెంటనే వచ్చిన రోజున చెల్లింపు సవ్యంగా ముగిసి, సిగ్నల్ లేక ఆలస్యమైన రోజున లాగిన్ పేజీ రావడానికి ఇది ఒక కారణం కావచ్చు.

పరిష్కారం, వినియోగదారుకు: వెంటనే రెండోసారి కట్టవద్దు. వెనక్కి మీటను కూడా నొక్కవద్దు. అదే ట్యాబులో మళ్లీ లాగిన్ అయి ఆర్డర్ల పేజీ చూడండి. అక్కడ లేకపోతే బ్యాంకు ఇచ్చిన లావాదేవీ సంఖ్యతో దుకాణాన్ని సంప్రదించండి. ఫైర్‌ఫాక్స్ ఈ లాక్స్ భావనను అందరికీ అమలు చేయలేదు కనుక, అదే సైటులో తరచూ ఇలా జరుగుతుంటే అక్కడ ప్రయత్నించవచ్చు.

పరిష్కారం, సైటు నడిపేవారికి: లోపం బ్రౌజరుది కాదు, మీది. బ్యాంకు నుంచి వచ్చే ఫారాన్ని లాగిన్‌తో సంబంధం లేని ఒక పేజీలో అందుకుని, లావాదేవీ సంఖ్యను సర్వరు స్థాయిలోనే బ్యాంకుతో సరిచూసుకుని, ఆ తరువాత 303 దారిమళ్లింపుతో మామూలు గెట్ అభ్యర్థనగా ఆర్డరు పేజీకి పంపండి. అప్పుడు లాక్స్ కుక్కీ కూడా వెంట వస్తుంది. సెషన్ కుక్కీకి సేమ్‌సైట్ నన్, సెక్యూర్ అని రాసి వదిలేయడం తేలిక, కానీ దానితో ఆ కట్టడి ఇచ్చిన రక్షణను మీ చేతులతో మీరే తీసివేసినట్లవుతుంది.

లక్షణం: ఐఫోన్‌లో దాచుకున్న చిత్తుప్రతి లేదా ఆట స్కోరు వారం తరువాత మాయమైంది

2020 మార్చి నుంచి సఫారీ, జావాస్క్రిప్టుతో పేజీ దాచుకున్న సమాచారాన్ని, సఫారీ వాడిన ఏడు రోజులలో మనం ఆ సైటును తాకకపోతే తుడిచివేస్తుంది. ట్రాకింగు చేసేవారు కుక్కీ బదులు ఆ అరలో గుర్తులు దాచడం మొదలుపెట్టడం దీనికి కారణం. హోమ్ స్క్రీనుకు చేర్చుకున్న సైటుకు ఈ నియమం వర్తించదు. అంతకంటే మంచిది, విలువైన రాతను బ్రౌజరులో దాచుకోకుండా ఫైలుగా దింపుకోవడం.

లక్షణం: తెలుగు పేజీ మనం ఎంచుకున్న ఫాంటులో కనిపించడం లేదు

ముందు ఏ జబ్బో తేల్చుకోవాలి. పేజీలోని ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. అక్కడ తెలుగు సరిగా వస్తే ఇది ఫాంటు సంగతి. అక్కడ కూడా గజిబిజి లాటిన్ అక్షరాలే వస్తే, ఆ పేజీ యూనికోడ్‌కు (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేత పద్ధతికి) ముందు నాటి ఫాంటు ఎన్‌కోడింగులో ఉంది. 1990ల చివర, 2000ల మొదట్లో ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క ఫాంటు వాడిన కాలపు పేజీలు అలాంటివే. వాటికి మార్పిడి సాధనం తప్ప బ్రౌజరులో మందు లేదు.

ఫాంటు సంగతి అయితే కారణం చాలావరకు గోప్యతకు చెందినదే, ఇక్కడ తెలుగువారిగా మనం తెలుసుకోవలసినది ఎక్కువ ఉంది. ఒక కంప్యూటరులో ఏ ఫాంటులు ఉన్నాయో పేజీ కనిపెట్టగలిగితే, కుక్కీ లేకుండానే ఆ యంత్రాన్ని మళ్లీ గుర్తుపట్టవచ్చు. దీనిని ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. 2010లో డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ తరఫున పీటర్ ఎకర్స్‌లీ ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షించిన బ్రౌజర్లలో 83.6 శాతం మరే ఇతర బ్రౌజరుతోనూ పోలని గుర్తును కలిగి ఉన్నాయి. ఫ్లాష్ లేదా జావా ఉన్నవాటిలో అది 94.2 శాతం. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి, కంప్యూటరులో పది తెలుగు ఫాంటులు వేసుకుని, బ్రౌజరు భాషల పట్టికలో తెలుగును మొదట పెట్టుకున్న మనిషిని ఊహించండి. చుట్టుపక్కల లక్షల యంత్రాల మధ్య ఆ యంత్రం తన భాష వల్లనే వేరుగా నిలబడుతుంది.

అందుకే సఫారీ 2018 నుంచి, మనం స్వయంగా వేసుకున్న ఫాంటులను పేజీలకు చూపదు, యంత్రంతో వచ్చినవాటిని, సైటు తానే పంపినవాటిని మాత్రమే వాడుతుంది. ఫైర్‌ఫాక్స్ కఠిన రక్షణ స్థాయిలో 2023 నుంచి ఇలాంటి పరిమితే ఉంది. మీకు ఇష్టమైన ఫాంటు యంత్రంలో ఉండి కూడా పేజీలో రాకపోతే అది పాడవలేదు, దాచి ఉంచారు.

పరిష్కారం: సైటు నడిపేవారు ఫాంటును వోఫ్2 (వెబ్ కోసం కుదించిన ఫాంటు ఫైలు) రూపంలో తమ సర్వరు నుంచే పంపాలి. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన మండలి, సురన్న, గురజాడ, రామభద్ర వంటి ఫాంటులు ఇందుకు అక్కరకు వస్తాయి. అన్ని సైట్లూ ఒకే బయటి సర్వరు నుంచి ఫాంటు తెచ్చుకుంటే ఒకసారి దిగినది అందరికీ పనికొస్తుందన్న పాత లెక్క ఇప్పుడు చెల్లదు. 2020లో క్రోమ్ 86, 2021లో ఫైర్‌ఫాక్స్ 85 నుంచి కాష్‌ను (ఒకసారి దిగిన ఫైళ్లను బ్రౌజరు దాచుకునే చోటును) కూడా సైటువారీగా విడగొట్టారు. పైగా బయటి సర్వరుకు పాఠకుని ఐపీ చిరునామా చేరుతుంది. గూగుల్ ఫాంట్స్ విషయంలో 2022 జనవరిలో మ్యూనిక్ న్యాయస్థానం ఒక సైటు యజమాని 100 యూరోలు చెల్లించాలని తీర్పు ఇచ్చింది కూడా. పాఠకులు చూసుకోవలసినది ఒకటి: యూబ్లాక్ ఆరిజిన్ వంటి ఎక్స్‌టెన్షన్‌లో బయటి ఫాంటులను ఆపే మీట వేసి ఉంటే ఆ సైటుకు తీసివేయండి. భాషల పట్టిక నుంచి తెలుగును తొలగించమని మాత్రం నేను చెప్పను. తెలుగు పేజీ కావాలని సైటుకు మనం చెప్పుకునే మార్గం అదే. మనల్ని మరుగుపరచే బాధ్యత బ్రౌజరుది కావాలి గాని, మన భాషను మరుగుపరచుకోవడం దానికి మూల్యం కాకూడదు.

లక్షణం: ఇన్‌కాగ్నిటోలో చూసినా ఆఫీసువారికి తెలిసింది, ట్రాక్ చేయవద్దన్నా ప్రకటనలు వెంటపడుతున్నాయి

ఇన్‌కాగ్నిటో ఆ యంత్రంలో చరిత్రను మిగల్చదు, అంతే. ఏ సైటుకు వెళ్లామో ఆఫీసు నెట్‌వర్కుకు, ఇంటర్నెట్ సంస్థకు కనిపిస్తూనే ఉంటుంది. ఈ అపార్థం మీద గూగుల్‌పై 2020లో కాలిఫోర్నియాలో వేసిన దావా 2024లో రాజీతో ముగిసింది. అలా సేకరించిన సమాచారాన్ని తొలగించడానికి, వివరణను స్పష్టంగా మార్చడానికి సంస్థ అంగీకరించింది. సెట్టింగులలో సురక్షిత డీఎన్ఎస్‌ను వేసుకుంటే సైటు పేరు కోసం పంపే ప్రశ్న దారిలో బయటపడదు, కానీ ఆఫీసు నిర్వహణలో ఉన్న యంత్రంలో వ్యక్తిగత పని చేయకపోవడమే అసలు పరిష్కారం.

నన్ను ట్రాక్ చేయవద్దని బ్రౌజరు సైట్లకు చెప్పే డూ నాట్ ట్రాక్ ఒక అభ్యర్థన మాత్రమే. దానిని మన్నించాలన్న నిర్బంధం లేకపోయింది. దానిపై పనిచేసిన, వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీకి చెందిన బృందాన్ని 2019 జనవరిలో మూసివేశారు, ఫైర్‌ఫాక్స్ 2025లో ఆ మీటను తొలగించింది. దాని స్థానంలో, నా సమాచారాన్ని అమ్మవద్దని సైట్లకు చెప్పే గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్‌ను వేసుకోండి. కాలిఫోర్నియా, కొలరాడో వంటి కొన్ని అమెరికా రాష్ట్రాల్లో ఉన్న తెలుగువారికి అది చట్టబద్ధమైన నిరాకరణగా పనిచేస్తుంది. అలాంటి చట్టం లేని చోట్ల మాత్రం అడ్డుకునే రక్షణలనే నమ్ముకోవాలి.

ఇచ్చిన సడలింపులను వెనక్కి తీసుకోవడం

క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఒక్కొక్క సైటుకు ఇచ్చిన సడలింపులు ఒక పట్టికలో నమోదవుతాయి. క్రోమ్‌లో గోప్యత, భద్రత విభాగంలోని థర్డ్ పార్టీ కుక్కీల పేజీ చివర అనుమతి పొందిన సైట్ల జాబితా ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో గోప్యతా సెట్టింగులలో, ట్రాకింగు రక్షణ పక్కన, మినహాయింపులను నిర్వహించే మీట ఉంటుంది. రెండు మూడు నెలలకు ఒకసారి వాటిని తెరిచి, ఎందుకు ఇచ్చామో గుర్తురాని పేరును తీసివేయండి. ఆ సైటుకు నిజంగా అవసరమైతే పాత లక్షణం మళ్లీ కనిపిస్తుంది, అప్పుడు తిరిగి ఇవ్వవచ్చు.