దీపావళి సాయంత్రం వీధి తలుపు జాగ్రత్త

మూడేళ్ల కిందట దీపావళికి గడప దగ్గర ప్రమిదలు పెడుతూ వీధి తలుపు బార్లా తీసి ఉంచాం. అప్పుడే ఎదురింటివాళ్లు సీమటపాకాయల దండ అంటించారు. మంచం కింద నక్కిన మా కుక్క బుజ్జి నా కాళ్ల మధ్యలోంచి దూసుకెళ్లి, మెట్లు దిగి మాయమైంది. మర్నాడు పొద్దున రెండు వీధుల అవతల ఆగి ఉన్న లారీ కింద దొరికింది. ముందు కాలి గోరు ఊడిపోయింది. ఎంత పిలిచినా పావుగంట దాకా బయటికి రాలేదు.

అందుకే దీపావళికి కుక్కని ఎలా చూసుకోవాలని ఎవరడిగినా నేను మొదట చెప్పేది తలుపు సంగతే. ఆ సాయంత్రం తలుపు ఎన్నిసార్లు తీస్తామో లెక్కే ఉండదు. ప్రమిదల్లో నూనె పోయడానికి, స్వీట్లు తెచ్చిన పక్కింటివాళ్లకి, అగ్గిపెట్టె కోసం లోపలికీ బయటికీ తిరిగే పిల్లలకి. కుక్క ఉన్న గది తలుపు వేశాకే వీధి తలుపు తీయాలి. మేమైతే కుక్క లోపల ఉంటే ఆ గది గడియకి ఎర్ర రిబ్బను కడతాం. రిబ్బను ఉన్నంతసేపు ఆ తలుపు ముట్టుకోకూడదని మా ఆరేళ్ల పాపకి కూడా తెలుసు.

మెడపట్టీ మీద ఫోన్ నంబరు చెరగని మార్కర్‌తో రాసేయండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత వదులు చాలు. అంతకు మించితే బెదిరిన కుక్క తల వెనక్కి లాగి తప్పించుకుంటుంది.

దీపావళి రాత్రి 8 నుంచి 10 వరకే టపాసులు కాల్చాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. మా వీధిలో ఆరింటికే మొదలెడతారు. కాబట్టి ఐదులోపే నడకకి తీసుకెళ్లి, కాలకృత్యాలు అయ్యాక అన్నం పెట్టేయండి. మనకి 20,000 హెర్ట్జ్ దాటిన శబ్దం వినపడదు, కుక్కకి 40,000 దాటినా వినిపిస్తుంది. మన చెవులకే గుయ్యిమనే లక్ష్మీబాంబు దానికెలా ఉంటుందో చూసుకోండి. కిటికీలు తక్కువున్న గదిలో పరదాలు వేసి, ఫ్యాను, టీవీ పెట్టండి. మంచం కింద దూరితే దూరనివ్వండి, లాగొద్దు. కట్టేయడం, మేడ మీద వదలడం అసలే వద్దు. దగ్గరికి తీస్తే భయం ఇంకా ముదురుతుందంటారు, ఆ మాట పట్టించుకోకండి. వచ్చి ఒళ్లో తల పెడితే నిమరండి. ‘చూస్తే అదే అలవాటవుతుంది’ అని టపాసుల దగ్గరికి తీసుకెళ్లే పెద్దమనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఆయన చేతికి మాత్రం గొలుసు ఇవ్వకండి.

అలవాటు చేయాలంటే కొన్ని వారాల ముందు నుంచే అన్నం తినే వేళ టపాసుల శబ్దం ఫోన్‌లో బాగా చిన్నగా వినిపిస్తూ, మెల్లగా పెంచుకుంటూ పోవాలి. పండగ రెండు రోజుల్లో ఉందనగా మొదలెడితే టెన్షన్ పెట్టడమే అవుతుంది.

విపరీతంగా వణికి, చొంగ కార్చే కుక్కని ముందే వెటర్నరీ డాక్టరుకి చూపించండి. ఆందోళన తగ్గించే మందులున్నాయి, బరువుని బట్టి ఆయనే రాస్తారు. మామూలు రోజు ఒకసారి వేసి చూస్తే పండగనాడు కంగారుండదు. మన మాత్రలు మాత్రం వేయొద్దు. కొన్ని మత్తుమందులతో ఒళ్లు కదలదు కానీ లోపల భయం అలాగే ఉంటుంది.

స్వీటు బాక్సులు పైన పెట్టండి. చాక్లెట్, కిస్‌మిస్ కుక్కలకి విషం. నెయ్యి వాసనకి ప్రమిదలోని వత్తినీ మింగేస్తాయి. నిప్పు పడి కాలితే పది నిమిషాలకి తక్కువ కాకుండా చల్లటి నీళ్లు ధారగా పోసి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. టూత్‌పేస్ట్, పసుపు, ఐసు ఏవీ వద్దు.

వీధి కుక్కలు ఆ రాత్రి మెట్ల కిందకో, కారు కిందకో వచ్చి దాక్కుంటాయి. తరమకండి, ఓ గిన్నెలో నీళ్లు పెట్టండి. కారు తీసేముందు మాత్రం కిందకి వంగి చూడాలి.

మర్నాడు నడకకి ముందు మీ గుమ్మం ముందైనా ఊడ్చేయండి. సగం కాలిన టపాసులో రసాయనాలుంటాయి, కుక్క నోట కరుచుకుంటుంది. ఆంధ్రా వైపైతే మిగిలిన సరుకంతా నాలుగు రోజులాగి నాగుల చవితికి బయటికి తీస్తారు. మా గడియకి ఎర్ర రిబ్బను అప్పటిదాకా అలాగే వేలాడుతుంది.