"చిన్న మార్పే కదేటి బాబూ": డిజైన్ పనికి హద్దు గీయడంలో వచ్చే చిక్కులు, పరిష్కారాలు

విజయనగరం, శ్రీకాకుళం వైపు డిజైన్, ఫోటో, వీడియో పనులు ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తాయి. ఫోన్లో రేటు చెప్తాం, అవతల సరే అంటారు, పని మొదలైపోతుంది. ఆ రేటుకి ఏమేం వస్తాయో, ఏమేం రావో మాత్రం ఎవరూ అనుకోరు. తర్వాత వచ్చే తలనొప్పులు చాలావరకు అక్కడే పుడతాయి.

సమస్య: కరెక్షన్లు ఎంతకీ తెమలవు

పలాస జీడిపప్పు వ్యాపారికి పావుకిలో ప్యాకెట్ డిజైన్ ఒప్పుకున్నారనుకోండి. మొదటి ప్రూఫ్ (ప్రింటుకి ముందు సరిచూసుకోడానికి పంపే కాపీ) చూసి రంగు మార్చమంటారు, మారుస్తారు. రెండు రోజులాగి వాళ్లబ్బాయి ఫోన్ చేసి పాత లోగోయే బాగుందంటాడు. అంతలో బావమరిది వాట్సాప్‌లో ఇంకెవరిదో ప్యాకెట్ ఫోటో పంపి "అచ్చం ఇలాగే కావాల" అంటాడు. డబ్బుల మాట ఎత్తితే "చిన్న మార్పే కదేటి బాబూ, దానికీ డబ్బులేటి?" అంటారు.

కారణం: ఓకే చెప్పాల్సిన మనిషి ఎవరో ముందు తేల్చుకోలేదు. కరెక్షన్ ఎక్కడితో ఆగి కొత్త పని ఎక్కడ మొదలవుతుందో కూడా చెప్పుకోలేదు. నన్నడిగితే మొదటిదే పెద్ద జబ్బు. ఒక్క మనిషి ఎన్ని మార్పులు చెప్పినా ఎక్కడో ఒకచోట ఆగుతాడు. ఇంటిల్లిపాదీ చెప్పడం మొదలెడితే ఆగరు.

పరిష్కారం: అడ్వాన్స్ తీసుకునేముందే ఇలాంటి మెసేజ్ పెట్టండి:

"పావుకిలో ప్యాకెట్ ముందువైపు, వెనకవైపు డిజైన్. మొదట రెండు నమూనాలు పంపుతాను. ఒకటి ఎంచుకున్నాక రెండు విడతల కరెక్షన్లు ఈ రేటులోనే. ఒక విడతలో మార్పులన్నీ ఒకే మెసేజ్‌లో పెట్టండి. ఫైనల్ ఓకే మీరే చెప్పాలి. మూడో విడత నుంచి విడతకి ఇంత. ఎంచుకున్న నమూనా వదిలేసి వేరేది కావాలంటే కొత్త పని కింద లెక్క. అరకిలో, కిలో ప్యాకెట్లు ఇందులో లేవు."

చివరి వాక్యం మర్చిపోవద్దు. "అదే డిజైన్ కొంచెం పెద్దది చేసేయండి, అయిపోద్ది" అని తప్పకుండా అంటారు. ప్యాకెట్ పొడవు వెడల్పులు మారితే అక్షరాలు, బొమ్మ, వెనకవైపు వివరాలు అన్నీ మళ్లీ సర్దాల్సిందే.

ఆ తర్వాత బావమరిది ఫోటో వచ్చినా "కుదరదు" అనక్కర్లేదు. "తప్పకుండా చేద్దామండి, ఇది కొత్త నమూనా కింద వస్తుంది, ఇంత అవుతుంది. చేసేయమంటారా?" అనండి. ఆ ప్రశ్న దగ్గరే చాలా మార్పులు చల్లబడిపోతాయి. మొహమాటానికి ఏదైనా ఉచితంగా చేసినా బిల్లులో దాని ధర వేసి, కింద తగ్గింపు చూపించండి. చూపించకపోతే రెండోసారి అదే హక్కైపోతుంది.

సమస్య: మ్యాటర్ రాదు, గడువు మాత్రం దగ్గరపడుతుంది

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం. దాని ఫ్లెక్సీకి పెట్టాల్సిన ఫోటోలు, పేర్ల వరస సోమవారం సాయంత్రం దాకా రావు. ఆలస్యమైందన్న మాట మాత్రం మన మీదకే వస్తుంది.

కారణం: గడువు చెప్పాం గానీ ఎప్పటినుంచి లెక్కో చెప్పలేదు.

పరిష్కారం: "పూర్తి మ్యాటర్, అడ్వాన్స్ రెండూ అందిన రోజు నుంచి ఇన్ని రోజులు" అని రాయండి. ప్యాకెట్ పనైతే ఏమేం కావాలో జాబితా మీరే ఇవ్వండి: ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు, నికర బరువు, ఎమ్మార్పీ, తయారీదారు లేక ప్యాక్ చేసినవారి చిరునామా, పోషక విలువలు. శాకాహార గుర్తు మీరు పెడతారు. అంకెలు సరిచూసి ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లదని, ప్రూఫ్ ఓకే అయ్యాక తప్పు బయటపడితే మళ్లీ ప్రింటుకయ్యే ఖర్చు వాళ్లదేనని కూడా రాయండి.

సమస్య: "ఫైల్ కూడా ఇచ్చేయండి"

డబ్బులిచ్చాం కాబట్టి కోరెల్ ఫైల్ (కోరెల్‌డ్రాలో మార్పులు చేసుకోగలిగే అసలు ఫైల్) కూడా మాదేనని వాళ్లనుకుంటారు. ప్రింటుకి పీడీఎఫ్ ఇస్తే చాలని మీరనుకుంటారు.

కారణం: చివర్లో చేతికిచ్చేది ఏమిటో ఎక్కడా రాయలేదు.

పరిష్కారం: పీడీఎఫ్, జేపీజీ మాత్రమేనా, ఎడిట్ చేసుకునే ఫైల్ కూడానా అన్నది కొటేషన్‌లోనే ఉండాలి. రెండోదానికి రేటు వేరే పెట్టండి. తెలుగు డీటీపీకి వాడే అను ఫాంట్లలో చేసిన ఫైల్ ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో తెరిస్తే అక్షరాలు పిచ్చిగీతలవుతాయి. కర్వ్స్‌లోకి, అంటే అక్షరాలను గీతల బొమ్మలుగా, మార్చి ఇస్తే చక్కగా కనిపిస్తాయి గానీ టైపు చేసి సరిదిద్దుకోలేరు. ఈ సంగతి ఇచ్చేటప్పుడే చెప్పేస్తే "పాడైన ఫైల్ ఇచ్చారు" అన్న నింద తప్పుతుంది.

హక్కుల సంగతి చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో, వీడియోలకు వేరే ఒప్పందం లేకపోతే తొలి యజమాని తీయించుకున్నవారే. స్వతంత్రంగా పనిచేసే డిజైనర్ గీసిన లోగో అలా కాదు, దాని హక్కు డిజైనర్‌దే. ఆ హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో అందులో రాయకపోతే 5 ఏళ్లకే పరిమితం. లోగో చేయించుకునేవాళ్లు కూడా ఇది చూసుకోవాలి.

సమస్య: పెళ్లి అయిపోయాక రీల్స్, పచ్చి (ఎడిట్ చేయని) ఫుటేజ్ అడుగుతారు

కారణం ఇదివరకటిదే. ఆల్బమ్ ఎన్ని షీట్లు, వీడియో ఎన్ని నిమిషాలు, రీల్స్ ఎన్ని, డ్రోన్ ఉందా లేదా, ఫుటేజ్ ఎన్ని నెలలు దాస్తారు అన్న ఐదూ రాస్తే చాలు.

సమస్య: తెలిసినవాళ్లు, కాగితం అంటే ఏమనుకుంటారో

సంతకాలు అడగలేని చోట ఫోన్ పెట్టేసిన వెంటనే వాట్సాప్ చేయండి: "మావయ్యా, ఇందాక అనుకున్నవి ఇవీ, ఏదైనా తేడా ఉంటే చెప్పు." పైన చెప్పినవన్నీ దాని కిందే రాసి, ఓకే అని జవాబు వచ్చేదాకా సిస్టమ్ ఆన్ చేయకండి.