పొడి చర్మం ఉన్న కుక్కకు స్నానం చేయించే ముందు జాగ్రత్తలు

ముందు వెంట్రుకలు పాయలు తీసి చర్మం చూడండి. తెల్లటి పొట్టు కదులుతున్నట్టుంటే అది మామూలు పొడిదనం కాదు, చెయిలెటియెల్లా అనే సూక్ష్మపురుగు కావచ్చు. అది మనుషులకూ దురద పుట్టిస్తుంది. నల్లటి నలుసులుంటే తడి తెల్లగుడ్డ మీద రుద్దండి. ఎర్రటి మరక పడితే అది ఫ్లీల (కుక్క రక్తం పీల్చే చిన్న గెంతే పురుగుల) మలం, అంటే జీర్ణమైన రక్తం. అప్పుడు ఫ్లీలకు మందు వాడకుండా షాంపూలు మార్చి లాభం లేదు. గుండ్రంగా వెంట్రుకలు రాలిన మచ్చలు, చీము, దుర్వాసన ఉంటే స్నానం ఆపి పశువైద్యుడికి చూపించండి.

- మనుషుల షాంపూ వద్దు. మన చర్మానికి ఆమ్లగుణం ఎక్కువ, కుక్క చర్మం తటస్థానికి దగ్గర.
- టీ ట్రీ నూనె అసలే వద్దు, కుక్కలకు విషం. జింక్ ఆక్సైడ్ క్రీములూ అంతే, నాకితే ప్రమాదం.
- తడపకముందే దువ్వండి. చిక్కుల్లో షాంపూ నిలిచిపోయి దురద పెరుగుతుంది.
- నీళ్లు గోరువెచ్చగా చాలు. వేడినీళ్లు చర్మపు నూనెను కడిగేస్తాయి.
- మందు షాంపూ అయితే సాధారణంగా 10 నిమిషాలు ఉంచాలి. గడియారం చూడండి, చాలామంది తొందరపడేది ఇక్కడే. సీసా మీద వేరే సమయం ఉంటే అదే పాటించండి.
- జారుడు పోయేదాకా కడిగి, తువ్వాలుతో అద్దండి, రుద్దొద్దు.