మిషిగన్‌లో సెనేట్ సీటు ఖాళీ అయితే ఓటు ఎలా వెయ్యాలి: అమ్మతో వేయించాక తెలిసినవి

మా అమ్మకి 71 ఏళ్లు. తెనాలి దగ్గర మా ఊళ్లో ప్రతి ఎన్నికకీ ఏడింటికల్లా వెళ్లి వేలికి సిరా పెట్టించుకొచ్చిన మనిషి. 2024లో ఇక్కడ నోవైలో, సిటిజన్ అయ్యాక మొదటిసారి ఓటేసింది. పక్కన కూర్చుని చూశాక, ఇరవై ఏళ్లుగా ఇక్కడున్న నాకే ఎన్ని సంగతులు తెలియవో అర్థమైంది. మన ఇళ్లల్లో అమ్మానాన్నలు, అత్తమామలు ఇప్పుడిప్పుడే సిటిజన్లు అవుతున్నారు కాబట్టి వాళ్ల కోసం రాస్తున్నాను.

ఆ ఏడాది సెనేట్ సీటు ఖాళీ. 2001 నుంచి ఉన్న డెబీ స్టాబెనో మళ్లీ నిలబడనని ముందే చెప్పేశారు. డెమోక్రాట్ ఎలిస్సా స్లాట్‌కిన్ రిపబ్లికన్ మైక్ రోజర్స్ మీద సుమారు 19 వేల ఓట్లతో గెలిచారు. పోలైనవి 55 లక్షల పైచిలుకు. ప్రెసిడెంట్‌కి వేసి సెనేట్ దగ్గర ఖాళీగా వదిలేసినవాళ్లు ఆ 19 వేల కంటే చాలా ఎక్కువ. 2026లో రాష్ట్రానికున్న రెండో సీటులోని గ్యారీ పీటర్స్ పోటీ చెయ్యడం లేదు కాబట్టి మళ్లీ ఖాళీ సీటే. పార్టీల అభ్యర్థుల్ని ఎంచుకునే ప్రైమరీ ఆగస్టు 4న, అసలు ఎన్నిక నవంబర్ 3న.

అన్నిటికంటే ముందు ఒక మాట. గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు ఓటుకి రిజిస్టర్ కాకూడదు, ఓటు వెయ్యకూడదు. లైసెన్సు కోసం వెళ్లినప్పుడు ఓటు రిజిస్ట్రేషన్ సంగతి కూడా అక్కడే వస్తుంది, కాగితాలు చూడకుండా సంతకం పెట్టకండి. ఒక్క టిక్కుతో దేశం విడిచి వెళ్లాల్సిన పరిస్థితి రావచ్చు. పెద్దవాళ్లకి ఇది మరీ మరీ చెప్పండి.

సిటిజన్ అయినవాళ్లకి రిజిస్ట్రేషన్ తేలికే. ఎన్నికకి 15 రోజుల ముందు వరకు ఆన్‌లైన్‌లో గానీ పోస్టులో గానీ చెయ్యచ్చు. ఆ తర్వాత అడ్రసు రుజువు పట్టుకుని ఎన్నికల పని చూసే మీ సిటీ లేదా టౌన్‌షిప్ క్లర్క్ ఆఫీసుకి స్వయంగా వెళ్లాలి. ఎన్నిక రోజు రాత్రి 8 లోపు వెళ్లినా చేస్తారు.

ఇక అసలు విషయం ఆగస్టు ప్రైమరీ. మనవాళ్లు ఎక్కువమంది నవంబర్ దాకా ఎన్నికలున్నట్టే అనుకోరు. మన దగ్గర సిట్టింగ్ ఎమ్మెల్యే తప్పుకుంటే టికెట్ కోసం పార్టీ ఆఫీసు చుట్టూ తిరుగుతారు, చివరికి బీ ఫారం ఎవరికో అధిష్ఠానం తేలుస్తుంది. ఇక్కడ ఆ బీ ఫారం ఇచ్చేది ఓటర్లే, ఇచ్చే రోజు ఆగస్టులో. సిట్టింగ్ మనిషి లేనప్పుడే రెండు పార్టీల్లోనూ గట్టి పోటీ ఉంటుంది. పైగా సెనేట్‌కి నియోజకవర్గం అంటూ లేదు, రాష్ట్రం మొత్తం ఒకటే. డెట్రాయిట్‌లో ఓటైనా, పైన అప్పర్ పెనిన్సులాలో ఓటైనా ఒకే లెక్కలో పడుతుంది. ఎన్నికైనవాళ్లు ఆరేళ్లు ఉంటారు. మనం పదేళ్లు, పదిహేనేళ్లు గ్రీన్ కార్డు లైన్లో నిలబడింది దేశానికి 7 శాతం అనే పరిమితి వల్ల. అది చట్టం, మార్చగలిగింది కాంగ్రెసే, అంటే సెనేటూ ప్రతినిధుల సభా కలిసిన ఇక్కడి పార్లమెంటే. లైన్లో ఉన్నవాళ్లకి ఓటు లేదు, బయటపడ్డ మనకి ఉంది. అందుకే ఆగస్టులో ఇంట్లో కూర్చోవడం నాకు మింగుడుపడదు.

మిషిగన్‌లో పార్టీ పేరు చెప్పి రిజిస్టర్ అవక్కర్లేదు. ప్రైమరీ బ్యాలెట్ మీద పార్టీల వరసలు పక్కపక్కనే ఉంటాయి. ఏదో ఒక్క పార్టీ వరసలోనే దిద్దాలి. మా అమ్మ పోస్టులో ఇంటికొచ్చిన బ్యాలెట్‌ని భోజనాల బల్ల దగ్గర కళ్లజోడు పెట్టుకుని, సెనేట్‌కి ఒక పార్టీ వరసలో, ప్రతినిధుల సభకి ఇంకో పార్టీ వరసలో శ్రద్ధగా నింపేసింది. ‘ఒక్కో పదవికి ఒక్కరికేగా వేశానే’ అంది. ఆ మాటలో తప్పేం లేదు, కానీ అలా వేస్తే ఆ పార్టీల భాగం మొత్తం చెల్లదు. బూత్‌లో అయితే మిషన్ వెనక్కి తోస్తుంది, కొత్త బ్యాలెట్ ఇస్తారు. పోస్టులో పంపితే చెప్పేవాళ్లు ఉండరు. ఇంకా పంపలేదు గనక దాన్ని క్లర్క్ ఆఫీసులో ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నాం.

బ్యాలెట్ రాగానే దిద్దెయ్యకండి. 2024 ప్రైమరీలో రిపబ్లికన్ టికెట్‌కి నిలబడ్డ శాండీ పెన్స్‌లర్ జూలైలో పోటీ నుంచి తప్పుకున్నారు, అయినా బ్యాలెట్ మీద పేరు అలాగే ఉంది. ఆయనకి ముందే వేసి పంపినవాళ్ల ఓటు వృథా అయింది. చివరి పదిరోజుల దాకా ఆగండి. కాకపోతే అప్పుడు పోస్టుని నమ్ముకోకుండా మీ ఊరి డ్రాప్ బాక్సులో వెయ్యండి. ఎన్నిక రోజు రాత్రి 8 కల్లా అది క్లర్క్‌కి చేరి ఉండాలి, ఆ రోజు పోస్టులో వేస్తే లాభం లేదు.

కవరు మీద సంతకం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మా అమ్మ సంతకం తెలుగులోనే చేస్తుంది: ఇంటిపేరు పొడి అక్షరం, చుక్క, పేరు, కింద కుడివైపు పైకి లేచే గీత. స్టేట్ ఐడీ మీదా అదే ఉంది. నవంబర్ కవరు మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని రాసింది. ‘గవర్నమెంటు కాగితం కదమ్మా’ అంది. నేను చూసుకోలేదు. మూడో రోజు క్లర్క్ ఆఫీసు నుంచి ఫోను, సంతకం కలవడం లేదని. వెళ్లాం. కౌంటర్ దగ్గరున్నావిడ మామూలుగా పెట్టే సంతకమే పెట్టమన్నారు. అమ్మ నా వైపు ఒకసారి చూసి తెలుగులో పెట్టింది. ఆవిడ స్క్రీన్ మీదున్న సంతకాన్నీ కాగితాన్నీ మార్చి మార్చి చూసి, ఆ గీత దగ్గర వేలు పెట్టి, సరిపోయింది అన్నారు. ఏ లిపిలో ఉన్నా ఫైల్లో ఉన్నదానితో కలవాలి, అంతే. ఫోను రాకపోతే ఆ ఓటు లెక్కలోకి వచ్చేది కాదు. కవరు మీద మీ ఫోను నంబరు తప్పకుండా రాయండి.

ఇంగ్లీషు రానివాళ్లు సాయం తీసుకోవచ్చు. హామ్‌ట్రామ్క్‌లో బెంగాలీ బ్యాలెట్ ఉంది గానీ మనకి తెలుగులో లేదు. పని ఇచ్చిన యజమాని, యూనియన్ మనిషి తప్ప ఎవరైనా పక్కన ఉండొచ్చు. ఇంట్లో సాయం చేస్తే కవరు మీద మీరు కూడా సంతకం పెట్టాలి. పేర్లు చదివి వినిపించండి, ఎవరికి వెయ్యాలో మాత్రం చెప్పకండి. మా అమ్మ సెనేట్‌కి ఎవరికి వేసిందో నేను ఇంతవరకూ బయటపెట్టలేదు, మా ఆయనకి కూడా.

నవంబర్ బ్యాలెట్‌లో పైన ఒకే గుర్తుతో పార్టీ మొత్తానికి వేసే గడి ఉంటుంది. సెనేట్‌కి ఇంకో పార్టీ మనిషిని దిద్దితే ఆ ఒక్క పదవికీ మీరు విడిగా దిద్దిందే చెల్లుతుంది. కాగితం వెనకవైపు తిప్పడం మాత్రం మరిచిపోకండి. జడ్జీలు, స్కూల్ బోర్డు ఆ గడిలోకి రారు.

బూత్‌కి వెళ్లడమే ఇష్టమైతే ఎన్నికకి ముందు కనీసం తొమ్మిది రోజులు ముందస్తు పోలింగ్ ఉంటుంది. శని, ఆదివారాలు కూడా తెరిచే ఉంటారు. ఫోటో ఐడీ మరిచిపోతే ఒక ఫారం మీద సంతకం చేసి ఓటెయ్యచ్చు, వెనక్కి వచ్చెయ్యకండి.

ఒకసారి అడిగితే ప్రతి ఎన్నికకీ బ్యాలెట్ ఇంటికే పంపే శాశ్వత జాబితా ఉంది. అమ్మ పేరు అందులో పెట్టించాం. ఇల్లు మారితే మాత్రం వెంటనే క్లర్క్‌కి చెప్పాలి, పోస్టాఫీసు బ్యాలెట్‌ని కొత్త అడ్రసుకి మళ్లించదు. మా తమ్ముడు మొన్ననే కాంటన్‌కి మారాడు. వాడు అడ్రసు మార్పించుకున్నాడో లేదో అమ్మ వారానికోసారి ఫోను చేసి అడుగుతోంది.