మింగడం కష్టమైన పెద్దవాళ్లకు అన్నం పెట్టే ముందు

పక్షవాతం వచ్చిన అమ్మనో నాన్ననో బెంగళూరులో ఇంట్లో చూసుకుంటున్నవాళ్ల కోసం ఇది. నిమ్హాన్స్‌లోనో, దగ్గర్లోని ఆస్పత్రిలోనో స్పీచ్ థెరపిస్ట్ మింగే తీరు పరీక్షించి సరే అన్నాకే నోటితో పెట్టండి.

- మగతగా ఉంటే పెట్టకండి, పూర్తిగా మెలకువ వచ్చేదాకా ఆగండి.
- వీపు నిటారుగా ఉండేలా కూర్చోబెట్టండి.
- నోరు శుభ్రం చేయండి. కట్టుడుపళ్లు వదులుగా ఉండకూడదు.
- వినికిడి మిషన్ పెట్టి, పనిచేస్తోందో లేదో చూడండి. చాలా ఇళ్లలో దీన్ని మర్చిపోతారు. "మింగండి నాన్నా" అన్నది వినపడకపోతే ముద్ద బుగ్గలోనే ఉండిపోతుంది.

చారన్నం మెత్తగా ఉంటుందని అందరూ పెడతారు. నాకు ఎక్కువ భయం దానితోనే. మెతుకులు నోట్లో ఉండగానే చారు గొంతులోకి జారిపోతుంది. పలచనివే తొందరగా ఊపిరితిత్తుల వైపు పోతాయి. జావ చిక్కదనం థెరపిస్ట్ చెప్పినంతే ఉండాలి. 10 ఎం.ఎల్. సిరంజిలో పోసి 10 సెకన్లు కారనిచ్చాక 4 నుంచి 8 ఎం.ఎల్. మిగిలితే, ఐ.డి.డి.ఎస్.ఐ. అనే అంతర్జాతీయ కొలతలో అది 2వ స్థాయి. జావ చల్లారేకొద్దీ చిక్కబడుతుంది కాబట్టి, తాగించే వేడిలోనే చూడండి.

గడ్డం దించి మింగించే పద్ధతి అందరికీ పనికిరాదు, వీడియో చూసి చేయకండి.

దగ్గు రాలేదని ధైర్యపడొద్దు. కొందరికి ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గు రాదు. గొంతు తడితడిగా, గరగరగా వినిపిస్తే వెంటనే ఆపేయండి. ఆ తర్వాత జ్వరమో ఆయాసమో వస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. తిన్నాక కనీసం అరగంట పడుకోబెట్టకండి.

చూసుకునే మనిషి కన్నడవాళ్లయితే ఇవన్నీ కన్నడంలో రాయించి వంటింట్లో అంటించండి.